ముగ్గురి గుడ్డ అయిదుగురికి

పట్టాల పక్కన దొరికిన ఆ శవానికి పేరు లేదు. మీద ఒక్క తెల్లగుడ్డ ఉంది. అదీ చాలలేదు. బయటికొచ్చిన పాదాల మీద ఈగలు ముసురుతున్నాయి.

1962 ఆగస్టు. ఉదయం ఏడుంపావు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గరి శవాల గది. రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ జ్ఞానరత్నం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వాసన కన్నా కంప్లయింటే ఎక్కువ వెగటు పుట్టించింది. శవం మీది గుడ్డ దొంగతనం! ఇంతకన్నా నీచం ఇంకేముంటుంది?

కంప్లయింటు గోవిందరావుది. వర్క్‌షాపులో ఫోర్‌మన్. తెలుగు కుటుంబాలు చందాలేసుకుని దిక్కులేని శవాలకు గుడ్డ కొంటాయి. ఆ సంఘానికి పెద్ద ఇతనే.

నిందితురాలు జోగమ్మ. శవాలను కడిగి గుడ్డ కప్పే మనిషి. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. తలదాచుకునే క్వార్టరూ పోతుంది.

"ఎంత గుడ్డ ఇచ్చారు, గోవిందరావుగారూ?"

"పొడుగు అయిదు మూరలు, వెడల్పు నాలుగు సార్. తానులోంచి నానే కోసినాను."

"గుడ్డ మీద ఈ ముద్రలు?"

"సంఘానివి. ఎవరూ అమ్ముకోకుండా, కోసినాక నాలుగు మూలలా నా చేత్తోనే ఏస్తాను. అప్పుడే దీనికిస్తాను."

"తర్వాత ఇంకెవరైనా ముట్టుకుంటారా?"

"ఇదొక్కతే సార్. పొడుగులో మూర, ఎడల్పులో మూర కోసీసింది."

జోగమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"సచ్చినోడి గుడ్డ కోసుకుని నానేటి సేసుకుంటాను బాబూ? ఇచ్చింది ఇచ్చినట్టే కప్పినాను."

జ్ఞానరత్నం గుడ్డను తన చేత్తో కొలిచాడు. పొడుగు నాలుగు మూరలు. వెడల్పు మూడు. తర్వాత మూలలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు.

"గోవిందరావుగారూ, ఈవిడ పొడుగులోనూ వెడల్పులోనూ కోస్తే మూడు మూలలు పోవాలి. ఒక్క ముద్రే మిగలాలి. ఇక్కడ నాలుగూ ఉన్నాయే?"

గోవిందరావు గబగబా వంగి మూలలు తిప్పి చూశాడు.

"అంటే మీరు ముద్ర వేసేనాటికే గుడ్డ ఇంతే."

"ఒక్క మూరే కద సార్ తగ్గింది. సచ్చినోడికి తెలుస్తాదేటి?"

జ్ఞానరత్నానికి ఒళ్లు మండిపోయింది.

"ఒక్క మూరా? అయిదు నాలుగులు ఇరవై. నాలుగు మూళ్లు పన్నెండు. ఇరవైలో ఎనిమిది మింగి మూరంటావా? నాలుగు మూరల వెడల్పున్న తానును అడ్డం తిప్పి, మూడేసి మూరలకు కోశావు. పదిహేను మూరల్లో ముగ్గురిని కప్పాల్సింది అయిదుగురిని కప్పావు. అయిదుగురి లెక్కలో మిగిలిన పది మూరలు, అంటే ఇద్దరి గుడ్డ, ఏం చేశావు?"

గోవిందరావు కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంట్లో... దిండ్లకి గలేబులు కుట్టించినాను సార్."

"థూ!"

కానిస్టేబులు అతని చెయ్యి పట్టుకున్నాడు. జ్ఞానరత్నం గోవిందరావు భుజం మీది ఖరీదైన కండువా లాగి జోగమ్మకు అందించాడు.

"ఆ కాళ్లు కప్పమ్మా."

జోగమ్మ కళ్లు తుడుచుకుంది. చెయ్యి మాత్రం చాపలేదు.

"వద్దు బాబూ. ఆడిని ఇప్పుడే సుబ్బరంగా కడిగినాను. అది తగిల్తే మళ్లీ కడగాల."