అరవై నెమళ్ళు

పూజ ముగించుకుని గురవయ్య కొత్త నోటు పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాశాడు. మొదటి పేజీలో శ్రీరామ అని రాసి, దాని కింద కొత్తగా నేర్చుకుంటున్న ఫోను యాప్ పేరు రాసుకున్నాడు.

"ఏవండీ, ఇది ఏడో పుస్తకం. ఈ పసుపంతా కూరలో వేసినా రుచొచ్చేది," అంది భార్య మాణిక్యమ్మ కాఫీ ఇస్తూ.

చీరాలలో ముప్పై ఏళ్ళుగా చీర అంచులకు గ్రాఫు కాగితం మీద బొమ్మలు గీసివ్వడం ఆయన వృత్తి. ఇప్పుడు చీరలు నేయించే షావుకారు బొమ్మలు ఫోనులో పంపమంటున్నాడు. ఒక యాప్ చేతికి అలవాటయ్యేలోపు ఇంకోటి వస్తోంది. ఈ వృత్తి ఇచ్చింది స్వామే, మరి ఇంత తొందర పెట్టింది కూడా స్వామేనా అని ఆయనకు అప్పుడప్పుడూ సందేహం.

"అది పాతదైపోయింది నాన్నా," అంది కూతురు ధనశ్రీ పుస్తకంలోకి తొంగిచూసి.

"నిన్ననే కదమ్మా నేర్పావు!"

ఇంతలో వీధి చివర మగ్గం నేసే కోటేశ్వరి వచ్చి, జానెడు అంచు మంచం మీద పడేసింది. దాని మీదున్నది పోయిన వారం ధనశ్రీ ఫోనులో యాప్‌తో చేయించిన అరవై నెమలి బొమ్మల్లో ఒకటి.

"బాబాయ్, ఇది నీ గీతేనా? వెనక చూడు!"

తోక వెనక జరీ పోగు వేలెడు పొడవున వదులుగా వేలాడుతోంది.

"కట్టుకున్నావిడ అడుగేస్తే మట్టెకి తగులుకుని బోర్లా పడుద్ది! ఇయ్యాళ సరైన బొమ్మ ఇవ్వకపోతే షావుకారు వేరేవాళ్ళని చూసుకుంటాడంట. మళ్ళీ మీ ఇంటి మొహం చూడడు."

ధనశ్రీ ముఖం ఎర్రబడింది. "నాన్నా, నువ్వు చూసేగా సరే అన్నావు!"

"చూశాను. అనుమానమూ వచ్చింది. యంత్రానికి నాకన్నా తెలుసేమో అనుకున్నా. పాతకాలపోణ్ణంటావని నోరు మూసుకున్నా."

"నేనెప్పుడన్నాను?"

"రోజుకి రెండుసార్లు 'పాతదైపోయింది' అంటావు. యాప్‌నో నన్నో తెలీక చస్తున్నా!"

మాణిక్యమ్మకు నవ్వాగలేదు. ధనశ్రీకి మాత్రం ఏడుపొచ్చేసింది.

"నాకు మాత్రం అందుతున్నాయా నాన్నా? ఒకటి నేర్చుకునేలోపు ఫ్రెండ్స్ ఇంకోటి అంటారు. రాదని చెబితే నువ్వు బెంగపడతావని అన్నీ వచ్చినట్టు మాట్లాడా."

గురవయ్య కూతురి తల నిమిరాడు. "ఒకరికొకరం భయపడి అరవై నెమళ్ళని పెంచామన్నమాట! ఇటు రా. వాటిలో నీకు నచ్చింది ఒక్కటి తియ్యి."

నేల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆయన గళ్ళు లెక్కపెట్టి చెబుతుంటే, పోగు పొడుగైన చోటల్లా ఆమె ఫోనులో చుక్క పెట్టి దాన్ని కట్టేస్తోంది.

"ఎన్ని గళ్ళకొకసారి?"

"ఆరు దాటకూడదు."

"ఏ యాపూ చెప్పలేదే!"

"నువ్వడిగావా?"

"అడగాలని తెలిస్తే కదా!"

కోటేశ్వరి ఉప్మా తింటూ అక్కడే కూర్చుంది. బొమ్మ పూర్తయ్యాక తోక దగ్గర గళ్ళు తనే ఒకసారి లెక్కపెట్టుకుని, "ఇది నేస్తా," అంది.

బొమ్మ పంపిన పావుగంటకు షావుకారు ఫోను చేశాడు. "ఎవరు గీశారయ్యా ఇది?"

"మా అమ్మాయండీ," అన్నాడు గురవయ్య.

"మా నాన్నండీ," అంది ధనశ్రీ అదే క్షణంలో.

అటువైపు పెద్దగా నవ్వు వినిపించింది. "సరే, ఆ ఇద్దరినీ రేపు కొట్టుకి రమ్మను. ఇంకో నాలుగు అంచులు గీయాలి."