రిబ్బన్ల బావి

నేను ఇంతవరకు ఏదీ రాసిన మనిషిని కాదు. ఐదో తరగతి దాక చదివిన, అదీ నది అవతల మా పుట్టింట్ల. భోపాల్‌పట్నం కోడలుగ వచ్చినంక చుట్టూ హిందీ, దోర్లీ మాటలే అయి, తెలుగు అక్షరాలు చేతికి దూరమైనయి. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు మొదటినుంచీ సిగ్గు. కానీ మా బావి ముచ్చట ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చెప్పుకుంటున్నరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా పెరట్ల బావికి మంచి పేరు లేదు.

ఎప్పుడో ఒక కొత్త పెళ్లికూతురు అందులో పడ్డదట. ఎవరి బిడ్డో ఎవరికీ తెల్వదు. పడ్డప్పుడు గాజులు పగిలినయట, జడ ఊడిపోయిందట. ఇప్పటికీ సింగారించుకొని తయారు కావాలని చూస్తదట... దగ్గర్ల ఏ ఇంట్ల బిడ్డ పుట్టినా చూడనీకి పైకి వస్తదట.

ఆమె రాకుండ, పుట్టిన బిడ్డ పేరున బావిలో ఒక రిబ్బను వేస్తరు. లేకుంటే రెండు గాజులు. అందరూ దాన్ని రిబ్బన్ల బావి అనే అంటరు.

అందులో బొక్కెన మాత్రం ఎవరూ వెయ్యరు. వేస్తే... కింద ఎవరో పట్టుకుంటరని.

వీధి బోరింగ్ నీళ్లు ఎర్రగ, తుప్పు వాసన. అందుకని మా ఆయన ఎండకాలంల ఆ బావికి మోటారు పెట్టిచ్చిండు. "తాడైతే పట్టుకుంటది, పైపును ఏం పట్టుకుంటది?" అన్నడు. ఎంత ధైర్యం గల మనిషి అనుకున్న.

మోటారు బాగనే నడిచింది. మా బిడ్డ నవీన పురిటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. తెల్లారితే పిల్లను తొట్టెల వేసే పండుగ అనంగ — మోటారు నీళ్లు ఎత్తుడు బంద్ చేసింది.

పొద్దూకంగ మా వియ్యపురాలు సమ్మక్క వెంకటాపురం నుంచి ఫోన్ చేసింది.

"నీళ్లకు కరువు లేదు గదా వదినా? ఉంటే ఇప్పుడే చెప్పు. తల్లినీ బిడ్డనూ రేపే మా ఇంటికి తోల్కపోత."

మూడో నెల దాక నా దగ్గరుండాల్సిన పిల్ల. నా ఒడిల నిద్రపోతున్నది. "ఆఁ... ఉన్నయి వదినా" అన్న.

మోటారు బిగించిన మిస్త్రీ బిజ్జాకు ఫోన్ చేసిన.

"అక్కా, దీపాలు పెట్టినంక ఆ బావికాడికి నన్ను పిలవకు. ఏదున్నా ఫోన్లనే చెప్త."

పొద్దున మోటారు ఆగినంక పగలంత వోల్టేజ్ లేదు. కరెంటు సరిగ్గ వచ్చేసరికి చీకటి పడ్డది. నేను, మా ఆయన బావి గట్టు మీద. బాలింత చీకట్ల బయటికి రావద్దు గనక నవీన గడప లోపలనే నిలబడి సెల్‌ఫోన్ లైటు పట్టింది. నా ఫోన్ గట్టు మీద పెట్టి స్పీకర్ వేసిన.

"మోటారు నెత్తిన మూత విప్పి నీళ్లు పోసినవా?" అన్నడు బిజ్జా.

"పోసిన తమ్మీ. రెండు బిందెలు."

"రెండు బిందెలా! పైపు నిండి పైకి పొర్లాలె గదక్కా."

"పొర్లలే... తాగింది."

"ఎవరు?"



ఇంకో బిందె పోసిన. మోటారు నోట్ల నీళ్లు ఒక్క నిమిషం నిలబడ్డయి... మెల్లగ కిందికి జారినయి. బావి లోపల నుంచి — గుటక్... గుటక్...

మా ఆయన ఒక అడుగు వెనక్కి వేసిండు.

మోటారు చాలూ చేసిన. ఎక్కడో — స్‌స్‌స్... అని. దుఃఖం ఆపుకుంటున్న ఆడమనిషి ఊపిరి తీస్తె ఎట్లుంటదో అట్ల.

"విన్నవా?" అన్నడు మా ఆయన, నా చెవిల.

"విన్న" అన్నడు బిజ్జా, ఫోన్ల. "జాయింటు కాడ గాలి గుంజుతున్నది. సైకిల్ ట్యూబు ముక్క గట్టిగ చుట్టుండ్రి."

చుట్టినం. ఊపిరి ఆగింది. నాకూ ధైర్యం వచ్చింది. మళ్ల బిందె పోసిన.

గుటక్... గుటక్...

"ఇగ ఫుట్‌వాలే అక్కా" అన్నడు బిజ్జా. "పైపు కింది కొసకు జాలీ ఉంటది, దాంట్ల చిన్న రెక్క. నీళ్లను పైకి రానిస్తది, కిందికి పోనియ్యది. ఆ రెక్క మూసుకుంటలేదు. ఏదో అడ్డం పడ్డది. పైపు పైకి గుంజుండ్రి."

"ఏం అడ్డం పడుతది?"

"బావి మీది. నన్నడుగుతవేంది?"

గుంజినం. నల్లపైపు, చేతులల్ల జారుతున్నది. సగం వచ్చినంక బరువైంది. మా ఆయన చెయ్యి ఆగింది.

"కింద... ఎవరో పట్టుకున్నరు."

"గుంజు" అన్న. ఆయనకు నేను ఒక పని చెయ్యమని చెప్పింది అదే మొదటిసారి.

నవీన లైటు ఎత్తింది. పైపు కొస నీళ్లల్ల నుంచి లేచింది. దానికి వేలాడుతూ — జుట్టు.

పొడుగు జుట్టు. నల్లగ, నీళ్లు కారుకుంట...

మా ఆయన అమ్మో అని కూడ అనలే. ఒక్క దూకుల ఇంట్ల పడ్డడు. మంచం కిర్రుమన్న చప్పుడు నాకు గట్టు మీదికి వినబడ్డది.

నాకూ ఉరకాలనే ఉన్నది. కానీ పైపు వదిలితె కిందికి పోతది. పైపు కిందికి పోతె మనవరాలు వెంకటాపురం పోతది.

వదల్లే. కండ్లు మూసుకొని గుసగుసగ అన్న: "అమ్మా... రేపు మా ఇంట్ల తొట్టెల. నీకూ భోజనం పెడుత. ఇయ్యాల ఒక్కనాడు వదిలిపెట్టు."

జవాబు వచ్చింది.

"అది నాదే..."

వెనక నుంచి. కంచె కాడ నుంచి. ముసలి గొంతు, సన్నగ.

"అది నాదే... పారెయ్యకు..."

గట్టు మీద ఫోన్ల బిజ్జా "అయ్య బాబోయ్" అన్నడు. ఫోన్ కట్టయింది.

నేను మెల్లగ తిరిగి చూసిన. కంచె మీద నుంచి ఒక తల... మా పక్కింటి హుంగే అవ్వ!

"అవ్వా! నీ జుట్టు బావిలకెట్ల వచ్చింది?"

"జుట్టేంది, నా సవరం! సంతల కొన్నది. నీ మనవరాలు పుట్టిన్నాడు నేనే వేసిన." అవ్వ కంచె పట్టుకొని గట్టిగ అడిగింది. "ఎన్నేండ్లసంది అందరూ రిబ్బన్లు, రిబ్బన్లు. జడ ఊడిపోయిన పిల్ల రిబ్బను దేనికి కట్టుకుంటదే? ఒక్కరికన్న సోయి ఉన్నదా?"

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చినయి. గడపల నవీన కడుపు పట్టుకొని నవ్వుతున్నది.

పట్టి చూస్తె సవరమే. జాలీ ఒక పక్క పగిలింది. ఆ సందుల నుంచి సవరం దారాలు దూరి రెక్కకు చుట్టుకున్నయి. వాటి వెంబడి ఎవరెవరి బిడ్డల పేరుననో వేసిన ఎర్ర రిబ్బన్లు. ఆమె రావద్దని వేసినవన్నీ పోయి రెక్కను తెరిచి పట్టినయి. మేం పోసిన నీళ్లు మళ్ల బావిలకే పోతున్నయి. నీళ్లు తాగింది మా భయమే.

అన్నీ తీసి రెక్క కడిగిన. జాలీ మీద దోమతెర గుడ్డ కట్టిన. అవ్వ, నేను కలిసి పైపు దించినం. ఒక్క బిందె పోసిన — నిండింది, పొర్లింది, నిలబడ్డది. మోటారు చాలూ చేసిన. పైపు దగ్గింది, ఊగింది... టంకీల నీళ్లు దబదబ పడ్డయి.

"సవరం పారెయ్యకు. ఇచ్చింది మళ్ల తీసుకుంటె బావిల పిల్ల ఏడుస్తది" అన్నది అవ్వ. అవ్వ మాట కాదనలేక, బురద, నాచు, చిక్కులతోనే కంచె కాడి సీతాఫలం చెట్టుకు తగిలిచ్చిన. రిబ్బన్లు కూడ.

పండుకున్నంక ఒక అబద్ధం తయారు చేసుకున్న. ఆ పెళ్లికూతురు బావి వదిలి చెట్టుకాడికి వచ్చిందని చెప్త, ఇగ నా ఫుట్‌వాల్‌ల ఎవరూ ఏమీ వెయ్యరు అని. పది సార్లు లోపల్లోపల అనుకున్న.

పొద్దున్నే వాకిలి ఊడవనీకి అందరికంటె ముందు లేచిన.

అప్పుడే సమ్మక్క వదిన జీపు దిగింది. టంకీ పొర్లుతున్నది చూసింది, తోల్కపోయే మాట ఎత్తలే. సక్కగ పెరట్లకు నడిచింది. కొంగు ముడి విప్పుతున్నది. ముడిల రెండు ఆకుపచ్చ గాజులు, ఒక రిబ్బను!

"ఆగు వదినా!"

నా గొంతు అంత పెద్దగుంటదని నాకే తెల్వదు. ఆమె ఉలిక్కిపడి నిలబడ్డది.

"బావిల వెయ్యకు. ఆమె ఇప్పుడు బావిల లేదు. ఆ చెట్టుకాడికి వచ్చింది."

వదిన చెట్టు దిక్కు చూసింది. చెప్పులు విడిచి, గాజులు చెట్టు కింద పెట్టింది.

"ఎంత సక్కగ అల్లిండ్రు వదినా... ఎవరల్లిండ్రు?"

అప్పుడు చూసిన నేను.

సవరంల ఒక్క చిక్కు లేదు. ఒక్క నాచు పోగు లేదు. మూడు పాయలు, బిగుతుగ, కింది దాక అల్లి ఉన్నది. కొసకు ఎర్ర రిబ్బను పువ్వు లెక్క ముడి.

నవీన గడప దాటలే. అవ్వకు లైటు లేకుంటె రాత్రి కండ్లు కనబడవు. మా ఆయన ఇంకా దుప్పట్లనే ఉన్నడు.

లోపలికి పోయి కొబ్బరినూనె సీస తెచ్చి, గాజుల పక్కన పెట్టిన. మూత విప్పి.