పిలుపుల కల్వర్టు దగ్గర రెండు హారన్లు

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఒక కల్వర్టు ఉంది. దాన్ని పిలుపుల కల్వర్టు అంటారు. పొద్దుకూకినాక అక్కడ ఎవరో పిలుస్తారట. మగ గొంతని కొందరు, ఆడ గొంతని కొందరు. ఒక మాట మీద మాత్రం అందరూ నిలబడతారు — మనిషైతే రెండోసారి పిలుస్తుంది, మూడోసారీ పిలుస్తుంది. అది మాత్రం ఒక్కసారే పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపుకు పలికినవాడు…

పలికినవాడికి ఏమైందో చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

పరుపులు కుట్టే తాజుద్దీన్ ఈ కబుర్లకు నవ్వేవాడు. పగటిపూట. చీకటి పడితే మాత్రం మోపెడ్ మీద దువా చదువుకుంటూ ఆ చోటు దాటేవాడు.

అతని కూతురు ఇర్ఫానా గుంటూరులో హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. సెలవులకొచ్చే పిల్లను గూడూరు స్టేషన్ నుంచి రాత్రిపూట మోపెడ్ మీద తేవడం ఇష్టం లేక ఒక పాత కారు కొన్నాడు. అమ్మింది గూడూరులో ఉండే ఎలిశబెతు టీచరమ్మ. ఆమె భర్త యెహోషువ పోయి మూడు నెలలు.

తెల్ల కారు. పన్నెండేళ్లది. ఇంజను మంచిదే. హారన్ మాత్రం గొంతు రాసిన బాతు అరిచినట్టుంది. లోపల ఎండు చేపల వాసన. ఫినాయిల్ పెట్టి తుడిచాడు, సాంబ్రాణి వేశాడు… పోలేదు.

ఇంకొకటి అతనికి మాత్రమే తెలిసింది. దూది ఎరిగిన చెయ్యి కదా, ఊరికే ఉండదు. సీట్లన్నీ నొక్కి చూశాడు. వెనక, ఎడమ తలుపు పక్కన, సీటు అంచు ఒక్కటే కుంగి ఉంది. ఎవరో సన్నటి మనిషి, ఏళ్ల తరబడి, వెనక్కి ఆనుకోకుండా ఆ అంచు మీదే కూర్చుంది. టీచరమ్మ భారీ మనిషి, కూర్చుంటే ముందు సీట్లో కూర్చుంటుంది.

మరి ఇదెవరు?

సెలవులకు రైలు దిగిన కూతుర్ని ఒక రాత్రి ఎనిమిదిన్నరకు స్టేషన్ దగ్గర ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాడు.

“కొత్త కారా అబ్బా?”

“మనకు కొత్తది.”

“చేపల వాసనొస్తాంది. మా అబ్బా చేపల కారు కొన్నాడని హాస్టల్లో చెప్తా.”

“చెప్పుకోపో. అద్దం దించు.”

చిల్లకూరు దాటారు. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు దూరం నుంచే వినిపిస్తోంది. కల్వర్టు ఇంకో వంద గజాలు ఉందనగా —

కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయాయి. అంత చప్పుడూ ఒక్కసారిగా లేదు.

బండి నెమ్మదించింది. తాజుద్దీన్ చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయింది. ఒకసారి… ఇంకోసారి.

కల్వర్టు గోడ చాటు నుంచి ఏదో లేచింది. సన్నగా. తల మీద చుట్టిన తెల్లగుడ్డ. చెయ్యెత్తి, లైట్ల వెలుగులోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. నేరుగా వెనక ఎడమ తలుపు దగ్గరికి.

“అన్నా…”

అద్దం మీద అరచెయ్యి ఆనిన చప్పుడు.

రెండో పిలుపు కోసం తాజుద్దీన్ ఆగలేదు. యాక్సిలరేటర్ నొక్కేశాడు. పక్క అద్దంలో, బండి వెనక ఎర్రటి వెలుగులో, ఆ ఆకారం రోడ్డు మీద కూలబడడం చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

“ఎవరో పిలిచినారబ్బా.”

“ఎవరూ లేరే.”

“అద్దం మీద చెయ్యి పెట్టింది…”

“నాకేం కనపడలేదమ్మా.”

ఇర్ఫానా మెల్లగా అద్దం ఎత్తేసుకుంది. అప్పటిదాకా ఆ పిల్ల మనసులో దెయ్యం లేదు. తనకేం కనపడలేదని తండ్రి అన్నాడు చూడండి — అప్పుడు పుట్టింది.

రాత్రంతా పిల్ల లైటు ఆర్పనివ్వలేదు. తల్లి మెహబూబున్నీసా దిష్టి తీసింది. తాజుద్దీన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి కారు కడగబోతే వెనక ఎడమ తలుపు అద్దం మీద ఐదు వేళ్ల గుర్తు. మధ్యలో అంటుకుని ఒక చేప పొలుసు. దెయ్యాల చేతులకు పొలుసులుండవు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే, కూతురు లేవకముందే తుడిచేశాడు.

ఇంతలో టీచరమ్మ ఫోను.

“ఏం తాజుద్దీనూ, బండి ఎట్టా ఉండాది?”

“బాగుండాది టీచరమ్మా. చేపల వాసనే పోలా.”

ఆమె నవ్వింది. “అది యాడికి పోతాది? మా ఆయన రాత్రి డ్యూటీకి గుంటల కాడికి పోతా, రోజూ ఆదిశేషమ్మను గంపతో సహా ఎక్కించుకునేవాడు. ఎండు చేపలమ్మే ఆమె. బస్సు కల్వర్టు దాకే కదా. ఆణ్ణించి వాళ్ల పాళెం దాకా నడవలేదని. సీటు మాసిపోతాదని అంచు మీదే కూర్చునేది, పిచ్చి తల్లి. రెండుసార్లు హారన్ కొడితే చాలు, గోడ చాటు నుంచి లేచొచ్చేది.”

తాజుద్దీన్ చేతిలోని తడిగుడ్డ వంక చూశాడు.

“వింటుండావా?”

“వింటుండా టీచరమ్మా.”

కూతుర్ని వెంటబెట్టుకుని పాళెం బయలుదేరాడు. దారిలో ఒక లెక్క వేసుకున్నాడు. అది దెయ్యం కాదు, మనిషేనని పిల్లకు చూపిస్తే సరి. తనకు కనపడిన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

కారు ఊరి బయటే వదిలి నడిచి పోయారు.

ఆదిశేషమ్మ చాప మీద పడుకుని ఉంది. తలగడ కింద వేపమండలు. రెండు అరచేతులూ గీసుకుపోయి ఉన్నాయి. పక్కింటి పేరమ్మ విసురుతోంది.

“రాత్రి యెహోషువన్న కారు అగపడిందంట,” అంది పేరమ్మ గొంతు తగ్గించి. “అదే హారనంట. చనిపోయిన మనిషి కారు… ఈమెను చూసి కూడా నిలపకుండా పోయిందంట. ఇంక ఆ కల్వర్టుకు కారు దెయ్యం కూడా వచ్చింది.”

ఆదిశేషమ్మ పైకప్పు చూస్తూనే అంది, “నేను ఆయన కడచూపుకు, మట్టికి పోలా. చేపల కంపుతో అంతమంది పెద్దోళ్ల నడుమకు ఎట్టా పోయేదని… అన్నకు అదే కోపం. అందుకే నిలపలా.”

ఇర్ఫానా తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తాజుద్దీన్ నేల మీద కూర్చున్నాడు. “ఆదిశేషమ్మా… ఆ కారు ఇప్పుడు నాది. రాత్రి అందులో ఉన్నది నేనే.”

“హారనూ?”

“నేనే కొట్టినా. భయానికి.”

“ఓరి… నువ్వా దెయ్యం,” అంది పేరమ్మ. విసనకర్ర ఆగిపోయింది.

ఆదిశేషమ్మ లేచి కూర్చుంది. “అయితే మా అన్నకు కోపం లేదా?”

“లేదమ్మా.”

కొంగుతో కళ్లు అద్దుకుంది. అతని మొహం చూసి తనే సర్దిచెప్పింది, “పోనీలే నాయనా. చీకటి కదా. నేను నీకు కనపడి ఉండను.”

ఊ అంటే సరిపోయేది. ఆ ముసలిదే దారి చూపించింది. తల ఊపి ఇంటికి పోవచ్చు.

“కనపడినావమ్మా,” అన్నాడు తాజుద్దీన్. “బాగా కనపడినావు. నువ్వు పడింది కూడా చూసినా. చూసే నిలపలా.”



అతని చేతిలోంచి చిన్న చెయ్యి మెల్లగా జారిపోయింది. వెనక నుంచి గుసగుసగా వినిపించింది —

“నువ్వు కూడా చూసినావా… అబ్బా?”