బయటివైపు కుట్టు

పొద్దుట్నుంచి ముప్పై మంది పాదాలు చూశాడు ఫిజియోథెరపిస్టు. మడమలెత్తండి, మునివేళ్ళ మీద నిలబడండి, మెల్లగా దించండి... చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకేస్తున్నాయి. అయినా ఇంటికి పోకుండా, సంచిలో బూట్లు పెట్టుకుని, వాటిని రిపేరు చేసే షాపు మెట్లెక్కాడు.

నెలలో ఇది నాలుగోసారి.

మెషీన్ ముందున్న అమ్మాయి తలెత్తింది. "మళ్ళీనా?"

"కుట్టు ఊడిందండీ. బాగా నడుస్తాను కదా!"

మొదటిసారి నిజంగానే సోలు అరిగి వచ్చాడు. ఆమె కొత్తది వేసి, "ఇక రెండేళ్ళదాకా నా మొహం చూడక్కర్లేదు" అంది. ఆ మాటే కొంప ముంచింది. ఆ మొహం చూడకుండా రెండు రోజులు గడవడమే కష్టమైంది అతనికి.

ఆమె బూటు అటూ ఇటూ తిప్పింది. పాపం, తనూ బాగా అలిసిపోయినట్టుంది.

"డాక్టర్ గారూ, చెప్పులు విప్పి ఈ చెక్క మీద నిలబడండి."

"జనాన్ని నిలబెట్టేది నేనండీ!"

"మీ క్లినిక్‌లో. ఇక్కడ నేను."

నిలబడ్డాడు. ఆమె వంగి చూసి నవ్వాపుకుంది. "మీ అరికాలికి వంపే లేదు. చీలమండ లోపలికి వాలిపోతోంది."

"తెలుసు. మా పేషెంట్లకి మాత్రం చెప్పకండి."

"అంటే బరువంతా లోపలివైపే పడుతుంది. బూటు లోపలి అట్ట నలిగిందీ అటే. మరి కుట్టు బయటివైపు ఎలా ఊడింది?"

పాదంలోని ఇరవయ్యారు ఎముకల పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇప్పుడు మాత్రం గోడకి వేలాడే బెల్టులు లెక్కపెట్టసాగాడు.

"పైగా ఇది తెగిన దారం కాదు. బ్లేడుతో కోసింది."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇక ఈ గడప తొక్కే మొహం లేదనుకున్నాడు.

లోపలి గదిలోంచి ఆమె తండ్రి గొంతు వినిపించింది. "పోయినసారీ కోసిందేనమ్మా. నే చూశాగా."

"నాకూ తెలుసు నాన్నా."

"మరి అప్పుడే అడగవేం?"

ఆమె బూటు వంకే చూస్తూ నెమ్మదిగా అంది. "అడిగితే రావడం మానేస్తారేమోనని."

అతని కాళ్ళ నొప్పి ఎటు పోయిందో!

"మరి ఇవాళెందుకు అడిగారు?" అన్నాడు.

"ఇవాళ కుట్టే ఓపిక లేదండీ. రేపట్నుంచి ఉత్త చేతుల్తో రాకూడదూ?"

"వస్తాను," అన్నాడు. "రోజూ వస్తాను."

"ముందు ఆ అబ్బాయికి స్టూలు వెయ్యమ్మా," అన్నాడు తండ్రి లోపల్నుంచి. "ఆ పాదాలతో ఎంతసేపని నిలబడతాడు!"