ధార పోసే చెయ్యి

భార్య పోయినవాడు కూతురికి కన్యాదానం చెయ్యడానికి పనికిరాడు. ఇది పెద్దలు ఏనాడో తేల్చేసిన విషయం. నా భార్య లీల పోయి ఏడాది తిరగకముందే, అల్ఫారెట్టా నుంచి మా వదిన పద్మజ వీడియో కాల్ చేసి ఆ మాట గుర్తుచేసింది. పీటల మీద మా అన్నయ్యా తనూ కూర్చుంటారట. నా పక్కనే ఉన్న కాబోయే అల్లుడు శశికాంత్ ఔనన్నట్టు తల ఊపాడు.

నేను పెళ్ళికే రానన్నాను. నాన్న రాని పెళ్ళి తనకూ వద్దంది మా అమ్మాయి హాసిని.

ఆ శనివారం మమ్మల్ని ప్లేనోలో మా ఇంటి నుంచి డాలస్‌లో మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళింది శశికాంతే. తల ఊపిన రోజు నుంచి అతనితో మాట్లాడటం మానేశాను కనుక, ముందు సీట్లో అతని పక్కనే కూర్చుని వెనకున్న హాసినితో చెప్పాను.

"ఏసీ తగ్గించమను."

"తగ్గించానని చెప్పు," అన్నాడు శశికాంత్.

హాసిని కిసుక్కున నవ్వింది. వాన మొదలైంది. అతను అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. రోడ్డు చూడమని చెప్పమన్నాను.

"విన్నావుగా, రోడ్డు ముందుంది," అంది హాసిని.

మ్యూజియంలో వాళ్ళు తిరిగారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి హాసిని వచ్చి, శశికాంత్ ఒక్కసారి చివరి గదికి రమ్మంటున్నాడని బతిమాలింది. వెళ్ళాను.

రాతిలో చెక్కిన శివపార్వతుల పెళ్ళి. శివుడు పార్వతి చెయ్యి పట్టుకున్నాడు. విష్ణువు కలశంతో ధార పోస్తున్నాడు.

శశికాంత్ ఈసారి నాతోనే అన్నాడు. "అంకుల్, విష్ణుమూర్తి పక్కన లక్ష్మీదేవి లేదు. ఒక్కడే పోస్తున్నాడు. ఆ రోజు పద్మజ ఆంటీ చెప్పింది రూల్ అనుకుని తల ఊపాను. మీ మొహం చూడలేదు. హాసినిని మీరిస్తేనే నేను తీసుకుంటాను."

"పంతులు ఒప్పుకోకపోతే?" అని అతన్నే అడిగాను.

"ఒప్పుకునే పంతులు దొరికేదాకా ఆగుతాం," అంది హాసిని. శశికాంత్ వైపు తిరిగి, "ఏం, ఆగలేవా?"

"పదేళ్ళైనా ఆగుతాను. మీ నాన్నగారు నాతో మాట్లాడటానికే అంత పడుతుందనుకున్నాను."

నాకు నవ్వు రాలేదు. విష్ణువు చేతినే చూస్తూ నిలబడ్డాను. పక్కన ఎవరూ లేకపోయినా ఆ చెయ్యి తొణక్కుండా పోస్తోంది.

"ధార నేనే పోస్తాను," అన్నాను. "మీ పెద్దమ్మని పెళ్ళికొచ్చి భోంచేసి వెళ్ళమను. పీటల దగ్గరకు రావద్దను."

హాసిని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. శశికాంత్ ఆమెకు తన కర్చీఫ్ ఇవ్వబోయి, నన్ను చూసి ఆగాడు. ఇమ్మన్నాను. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు. నేను ఇంకో బొమ్మ వైపు తిరిగాను.

అతను తల ఊపిన సంగతి మాత్రం క్షమించలేదు. క్షమించను. కారెక్కేముందు ఇద్దరికీ అదే చెప్పాను. ఆ విషయం ఇక నా ఎదుట ఎవరూ ఎత్తకూడదు. నేనూ ఎత్తను. ఇదే ఆఖరు.