ఆడవాళ్ళ గేటు దగ్గర రైడర్

గంగమ్మ జాతరలో మాతంగి వేషాల రోజు. తిరుపతిలో సగం మంది మగవాళ్ళు చీరలు కట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారు. సరిగ్గా అదే రోజున పోలీసులకు ఆర్డరు వచ్చింది: "మారువేషంలో వచ్చినవాణ్ణి ఎవణ్ణీ మైదానంలోకి వదలొద్దు!"

ఆ ఆర్డరు వేసిన ఎస్సై పరంధామయ్యది కృష్ణా జిల్లా. బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. పాపం, ఆయన్నీ అనడానికి లేదు. అలిపిరి దగ్గర మందుపాతర పేలి ఏడాది కూడా తిరగలేదు. దానికి తోడు దక్షిణాది కబడ్డీ పోటీల ఫైనల్లో బాంబు పెడతామని ముందురోజు ఎవరో ఫోన్ చేశారు. చీకటి పడేలోపు జనాన్ని ఇళ్ళకు పంపేయాలని, సాయంత్రం ఆటను మధ్యాహ్నం మూడింటికి మార్చేశారు.

ఆడవాళ్ళ గేటు దగ్గర కృపామణి డ్యూటీ. ట్రైనింగు ముగించుకుని కొత్తగా చేరిన కానిస్టేబుల్. టోపీ ఇంకా నెత్తి మీద సరిగ్గా కుదరడం లేదు గానీ, మాట మాత్రం లాఠీ కంటే గట్టిది.

ఆమె ముందుకు ఒక ఆకారం వచ్చి నిలబడింది. పసుపుపచ్చ చీర, నడుం దాటిన జడ, చేతినిండా గాజులు, కాళ్ళకు గజ్జెలు, మొహమంతా గంధం. ఎత్తు మాత్రం గేటు పైకమ్మీకి తగిలేంత.

"ఎవరబ్బా నువ్వు?"

"మునికుమార్ మేడమ్. చిత్తూరు కబడ్డీ టీము రైడర్ని."

"ఇది ఆడోళ్ళ వరస."

"మగోళ్ళ వరసలో నిలబడితే చీర సూసి ఈడికి తరిమినారు. మీరూ తరిమితే నేను యాడికి పోవాల?"

వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. "పోనీలేమే, బిన్నా తడిమి పంపీ. పెండ్లికూతురికి ఆలస్యమైపోతా ఉండాది" అంది ఒక ముసలమ్మ.

కృపామణి చెవులు వేడెక్కాయి. "కార్డు తియ్యి" అంది.

"హాస్టల్లో ఉండాది మేడమ్. పోయినేడు నా మోకాలు విరిగింది. బాగైతే మాతంగి వేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కుకునింది. గుడికి పోయే దోవలో ఉండగా, ఆట మూడింటికేనని మైకులో చెప్పినారు. ఆడి నుంచే ఉరుక్కుంటా వచ్చినా."

"మొహం కడుక్కో. పోస్టర్లో ఫోటో ఉండాది కదా, పోల్చుకుంటా."

"గంగమ్మ సూడకముందే గంధం కడిగితే మొక్కు సెడిపోతాది." ఇంతసేపూ నవ్వుతున్న కళ్ళు ఒక్కసారిగా గట్టిపడ్డాయి. "అదొక్కటి అడగొద్దు మేడమ్."

గేటు పక్కన షామియానా కింద అప్పటికే వేషగాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. పరంధామయ్య పట్టుకొచ్చినవాళ్ళే అందరూ. కోరమీసంతో చీర కట్టిన కూరగాయల కుప్పయ్య వాళ్ళకు పెద్ద. జాతర వారంలో వేషగాడు తిడితే ఎవరూ కోపం తెచ్చుకోరు. తిట్టు తగిలితే పీడ పోయిందనుకుని, ఆగి నెత్తి వంచుతారు. ఆ సంగతి ఎస్సైకి తెలియదు. కుప్పయ్య తిట్టే ఒక్కొక్క తిట్టుకీ ఆయన ఒక్కొక్క సెక్షను వెతుకుతున్నాడు.

లోపల మైకులో ఆటగాళ్ళ పేర్లు చదవడం మొదలైంది. "మునికుమార్... చిత్తూరు మునికుమార్ ఎక్కడున్నా వెంటనే రావాలి..."

మునికుమార్ మైకు వైపు చూశాడు. గంధం తుడుచుకోవడానికి మాత్రం చేయి ఎత్తలేదు. ఆ పట్టుదలే కృపామణి మనసుకు గుచ్చుకుంది.

"రైడర్ని అని ఎవురైనా అంటారు" అంది. "కూత పట్టు. ఆ సోడాబండి దాకా పోయి తిరిగి రావాల. కూత తెగితే షామియానాలోకే."

అతను కుచ్చిళ్ళు ఎగదోపాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ దూకాడు. గజ్జెలు ఘల్లుమన్నాయి. జడ గాలిలో పాములా లేచింది. సోడాబండి తట్టి, ఎదురొచ్చిన రిక్షాను ఒడుపుగా తప్పించుకుని, వరసలో ఉన్న ముసలమ్మ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చి, కృపామణికి జానెడు దూరంలో ఆగాడు. కూత మాత్రం ఆగలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ మెల్లగా, తీగలాగినట్టు, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

ఆ కూత ఎంతసేపు సాగిందో ఆమెకు తెలియలేదు. తనూ ఊపిరి బిగబట్టుకుని నిలబడిందని మాత్రం ఛాతీ నొప్పెట్టాక తెలిసింది.

"చాల్లే, పో!" అంది. "గంగాధరం అన్నా, ఈయన్ని తనిఖీ చేసి పంపీ."

మగ కానిస్టేబుల్ గంగాధరం తల నుంచి గజ్జెల దాకా తడిమి చూసి లోపలికి తోశాడు. వరసలోని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు విని పరంధామయ్య వచ్చాడు. "ఎవర్ని వదిలావమ్మా?"

"చిత్తూరు రైడర్ని సార్."

"కార్డు చూశావా?"

"కూత విన్నాను సార్."

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "లోపల ఏదన్నా జరిగిందో, నీ ఉద్యోగం ఉండదు. గుర్తుపెట్టుకో."

ఆట మొదలైంది. చిత్తూరుకి ఎదురు సేలం. మునికుమార్ చీర తీసేసి నిక్కరు, బనీనుతో దిగాడు గానీ, మొహాన గంధం అలాగే ఉంది. పచ్చటి మొహంతో అతను గీత దాటినప్పుడల్లా గ్యాలరీలు ఊగిపోయాయి. కృపామణి జనం వైపు చూడాల్సిన మనిషి. చూసింది కూడా. మధ్యమధ్యలో మాత్రం కళ్ళు చెప్పిన మాట వినలేదు.

విరామం దాటాక సేలం నాలుగు పాయింట్లు ముందుంది. అప్పుడు తూర్పు గ్యాలరీ కింద మెటల్ డిటెక్టర్ కీచుమంది. ఇనుప స్తంభానికి ఎత్తున ఒక మూట కట్టి ఉంది. కర్రతో కదిపితే లోపల ఏదో గల్లుమంది.

"బాంబు!" అని ఎవరో అరిచారు.

ఆ ఒక్క మాట చాలింది. గ్యాలరీలన్నీ ఒక్కసారిగా లేచాయి. భద్రత కోసమని ఆట మొదలవగానే అవతలి మగవాళ్ళ గేటుకి గొలుసు వేసేశారు. ఉన్న గేటు ఒకటే, కృపామణిది. పిల్లల్ని నెత్తికెత్తుకున్న తల్లులు, చెప్పులు వదిలేసిన మగవాళ్ళు, అందరూ ఆ సందు మీదికే విరుచుకుపడ్డారు. ఆమె ఈల ఊదింది. ఎవరికీ వినబడలేదు. మూటలో ఏముందో ఏమో గానీ, ఇంకొంచెం సేపుంటే ఈ గేటే ప్రాణాలు తీస్తుందని ఆమెకు అర్థమైంది.

షామియానా వైపు పరుగెత్తింది. "కుప్పయ్యన్నా! అందరూ లేవండి. గేటుకు అడ్డం నిలబడి జనాన్ని తిట్టండి!"

"తిడితే కేసు పెడతానని మీ ఎస్సై..."

"నేను చెప్తా ఉండా కదా! గొంతులు పగిలేట్టు తిట్టండి!"

కుప్పయ్యకు ఇంతకంటే ఏం కావాలి? చీర చెంగు నడుముకు బిగించి గేటెక్కాడు. "ఒరే దున్నపోతుల్లారా! యాడికిరా సచ్చేకి ఉరుకుతా ఉండారు? ఒరే బోడిగుండూ, ముందర ఆ బిడ్డతల్లికి దోవ ఇడువురా, నీ మొగం మండ! ఓ బొజ్జయ్యా, నిన్నేరా, నిలబడు!" వెనక మిగతా వేషగాళ్ళు అందుకున్నారు. అలాంటి తిట్లు కాగితం మీద రాయలేం.

పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన వాళ్ళాయె. తిట్టు చెవిన పడగానే ముందువరస వాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆగాయి, నెత్తులు వంగాయి. ముందువాళ్ళు ఆగితే వెనకవాళ్ళూ ఆగారు. తోపులాట వరసగా మారింది. తిట్లు తింటూ ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఈలోగా గంగాధరం బండరాయితో అవతలి గొలుసు పగలగొట్టాడు. ఒక్క బిడ్డకు కూడా గీత పడలేదు.

కృపామణి తూర్పు గ్యాలరీ వైపు ఉరికేసరికి, అక్కడ పరంధామయ్య మునికుమార్ బనీను పట్టుకుని ఉన్నాడు.

"నాదే సార్ ఆ మూట! గంగమ్మ చీర, జడ, గజ్జెలు. బట్టలు మార్చుకునే రూములో యాడ సూసినా చెప్పులే. అమ్మవారి వేషం చెప్పులకాడ పెట్టకూడదని తెచ్చి ఈడ పైన కట్టినా."

"కథలు చెప్పకు! స్క్వాడ్ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు. ఆట రద్దు!"

స్క్వాడ్ జీపు జాతర జనంలో ఇరుక్కుని ఉంది. ఇవాళ ఆట ఆగితే ఇక ఫైనల్ లేదని నిర్వాహకులు అప్పటికే చెప్పేశారు.

"లోపలికి వదిలింది నేను సార్" అంది కృపామణి. "మూట విప్పించేదీ నేనే. అందర్నీ దూరంగా పంపండి. మొదట ఈయన్ని చెప్పనీండి, లోపల ఏమేమి ఉండాయో."

మునికుమార్ గడగడా చెప్పాడు. చీర అంచు రంగు చెప్పాడు. పగిలిన గాజు సంగతి చెప్పాడు. కుడి గజ్జెకు ఒక మువ్వ ఊడి, వాళ్ళమ్మ ఎర్రదారంతో కట్టిన సంగతి చెప్పాడు. తనిఖీలో తాను చూసింది కూడా అదేనని గంగాధరం తలూపాడు. ఎస్సై బనీను వదిలి, అందర్నీ వెనక్కి పంపాడు.

ఇద్దరూ స్తంభం దగ్గరికి నడిచారు.

"మీరు ఎనక్కి పోండి మేడమ్. నేను కట్టిన ముడి ఇది."

"నువ్వు వచ్చింది నా వరసలో."

"భయం లేదా?"

"ఉండాది. నీకు?"

"బాంబుకి కాదు. మీ ఉద్యోగం పోతాదేమోనని."

ఆమె మూట కింద రెండు చేతులూ పట్టింది. అతను ముడి విప్పాడు. పసుపు చీర జారి ఆమె చేతుల్లో పడింది. జడ పడింది. చివరికి గజ్జెలు పడ్డాయి. కుడి గజ్జెకు ఎర్రదారం.

పరంధామయ్య వచ్చి ఆ దారాన్ని వేలితో తాకి చూశాడు. ఉస్సూరని ఊపిరి వదిలాడు. "ఈ ఊళ్ళో ఉద్యోగం చెయ్యాలంటే ముందు ఈ ఊరు నేర్చుకోవాలమ్మా" అన్నాడు. తరవాత మైకు లాక్కుని ఆయనే అరిచాడు: "ఆట ఉంది! అందరూ వరసగా లోపలికి రండి! తోసుకుంటే కుప్పయ్య చేత తిట్టిస్తా!"

వెళ్ళినవాళ్ళు ఇద్దరికి ముగ్గురై తిరిగొచ్చారు. నాలుగు పాయింట్ల తేడా మూడైంది, ఒకటైంది. చివరి రైడుకి మునికుమార్ గీత దాటాడు. ఒకణ్ణి కాలితో తాకాడు. ఇంకొకణ్ణి వేలితో తాకాడు. సేలం వాళ్ళు నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి కూత వినబడుతూనే ఉంది. విరిగి అతికిన ఆ మోకాలే నేలను తన్నింది. ఒక చేయి బయటికొచ్చి మట్టి గీకుతూ, సాగుతూ, గీత మీద పడింది.

ఈలలు, డప్పులు, మైదానమంతా దుమ్ము. కృపామణి డ్యూటీలో ఉన్న సంగతి మరిచి టోపీ గాల్లోకి ఎగరేసింది. అది యాడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

కప్పుతో సహా జట్టంతా గంగమ్మ గుడికి నడిచింది. ముందు ఎస్సై జీపు, వెనక తిట్లతో దారి చేస్తూ కుప్పయ్య దండు. చీర మళ్ళీ కట్టుకున్న మునికుమార్, పక్కనే బందోబస్తుకి కృపామణి. గుడి దగ్గర మునికుమార్ వాళ్ళమ్మ తాయమ్మ కొడుకుని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, హారతి అద్దింది. గంధం కడుక్కున్నాక అతని మొహం మొదటిసారి చూసిన కృపామణి, పోస్టరు ఫోటో ఏమీ బాగా రాలేదని అనుకుంది.

"ఈ పిల్లేనా నిన్ను మొగం కడుక్కోమనింది?" అంది తాయమ్మ.

"ఈమే మా. కడగకుండానే ఆడనిచ్చింది కూడా ఈమే."

"పేరేంది తల్లీ?"

"కృపామణి."

"చర్చికి పోతారా?"

"పోతానత్తా" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

తాయమ్మ కళ్ళు మెరిశాయి. "పోతే ఏం? నా చెల్లెలి కోడలూ పోతాది. అత్తా అని పిలిచేకి మాత్రం దానికి మూడేండ్లు పట్టింది."

జాతరకి బస్సులు ఆపేశారు. చిత్తూరు జట్టు ఎట్లా పోవాలా అని చూస్తుంటే, మామిడికాయల లారీ ఒకటి హారన్ కొడుతూ వచ్చి ఆగింది. నడిపేది జయరావు, కృపామణి నాయన. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలుతాడు. లారీని రోడ్డు మీదే ఆపి ఆట చూసి వచ్చాడు.

"ఎక్కండప్పా! చిత్తూరుకి కప్పు తెచ్చినోళ్ళు నడిచిపోతారా?" అన్నాడు. తరవాత మునికుమార్‌ని పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వేనా? మా పాప చేత టోపీ ఎగరేయించినోడివి?"

సేలం వాళ్ళందరినీ ఈడ్చుకొచ్చిన మునికుమార్ ఆ చూపుకి మాత్రం నిలవలేక గబగబా లారీ ఎక్కేశాడు.

లారీ కదిలింది. అప్పుడొచ్చింది అతనికి ధైర్యం. కాయల కుప్ప మీద లేచి నిలబడి, ఇంత జనంలో, ఇన్ని డప్పుల్లో, "మేడమ్! మీ ఇంటికి వచ్చి అడగాలనుకుంటా ఉండా! ఎప్పుడు రావాల?" అని అరిచాడు.

వీధి వీధంతా యూనిఫారంలో ఉన్న ఆ పిల్ల వైపు తిరిగింది. ఎస్సై జీపులోంచి తొంగి చూశాడు. కృపామణి ఒక్క క్షణం తల దించుకుంది. తరవాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, లారీకి వినబడేలా, వీధికంతా వినబడేలా కేక వేసింది:

"ఆదివారం! చర్చి అయినాక! మీ అమ్మని కూడా పిలుచుకోని రా!"