కాంటా కింద పుంజు కాసు

ఇస్నాపూర్ నుంచి ఇంద్రేశం పోయే లోపలి రోడ్డులో, లారీలు తూచే పాత ధర్మకాంటా ఒకటుంది. వెనకున్న ఫ్యాక్టరీ ఏనాడో మూతబడింది. చీకటి పడితే లారీవాళ్ళు కూడా అక్కడ బండి ఆపరు. ఎందుకంటే — ఖాళీ లారీ ఎక్కించినా ఆ కాంటా ఒక మనిషి బరువు ఎక్కువ చూపించేదట! కింద గుంతలో బురద తియ్యడానికి దిగిన చిన్నరాములు అనే కూలీ మళ్ళీ పైకి రాలేదనీ, ఆ ఎక్కువ బరువు అతనిదేననీ చెప్పుకుంటారు.

మీరు నమ్మండి, మానండి. సత్తిబాబుకు జరిగింది మాత్రం ఇదీ.

సత్తిబాబువాళ్ళది యానాం వైపు. తండ్రి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి బంగారు కాసు ఒకటి వాళ్ళ ఇంట్లో తరాలుగా ఉంది. ఒకవైపు ఆడమనిషి తల, రెండోవైపు కోడిపుంజు. అందుకే దాన్ని పుంజు కాసు అంటారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల వెతికినా అలాంటివి దొరకవు. ఇంట్లో బిడ్డ పుడితే, బారసాల నాడు దాన్ని తేనెలో ముంచి నాలుకకు తాకిస్తారు. తాకించాకే బిడ్డ ఆ ఇంటి బిడ్డ.

కాసు తల్లి వెంకటరమణమ్మ దగ్గరుంటుంది. ఆవిడ కంది ఊళ్ళో పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది. మర్నాడు పొద్దున ఏడింటికి ఇంద్రేశంలో సత్తిబాబు మనవరాలి బారసాల. కాసు తన చేతుల మీదుగానే రావాలని ఆయన సాయంత్రం నుంచీ తల్లి ప్రాణం తీశాడు. ఎన్నడూ లేనిది, ఆవిడ వెంటనే సరేనంది. రుమాల్లో మూటగట్టి ఇచ్చింది.

"దారిలో విప్పావంటే తోలు తీస్తానురా!"

కొడుక్కి యాభై ఆరేళ్ళు.

రాత్రి పదకొండు దాటాక స్కూటరు మీద బయల్దేరాడు. ఇస్నాపూర్ దాటగానే వాన మొదలైంది. బండి ఆగిపోయింది... ఆగక ఆగక ఆ కాంటా దగ్గరే ఆగాలా! ఎదురుగా గోదాము గేటు మూసుంది, వేరే నీడ లేదు. తోసుకుంటూ వెళ్ళి, కాంటా మీదున్న రేకుల కప్పు కింద నిలబడ్డాడు.

జేబు తడిమి చూసుకున్నాడు. రుమాలు తడిసింది, ముడి వదులైంది. గట్టిగా బిగిద్దామని తీశాడు —

ఠంగ్!

ఇనుప పలకల మీద దొర్లిన చప్పుడు... ఆ తర్వాత కిందెక్కడో నీళ్ళలో చిన్న బుడుంగు. చీకట్లో ఆయనకు ఏమీ కనబడలేదు. చేతిలో ఖాళీ రుమాలు మిగిలింది.

అప్పుడు వినిపించింది.

"దిగు..."

చుట్టూ చూస్తే ఎవరూ లేరు.

"దిగు... దిగూ...!"

కాసు కావాలంటే గుంతలోకి దిగమంటున్నారని సత్తిబాబుకు అర్థమైంది. దెయ్యమంటే భయమే. కానీ రేపు ఉత్త చేతులతో తల్లి ఎదుట నిలబడాలంటే అంతకన్నా భయం. పక్కనున్న ఇనుప మూత లేపి దిగాడు.

మోకాళ్ళ దాకా నీళ్ళు. నడుం నిటారుగా లేవదు. ఫోను లైటు వేసుకుని, "ఆంజనేయా... ఆంజనేయా..." అని గొణుగుతూ బురదలో చెయ్యి పెట్టి వెతికాడు.

పైన అడుగుల చప్పుడు. దగ్గరికొచ్చింది... ఆగింది...

ధడేల్!

మూత పడిపోయింది. దాని మీదికి ఏదో బరువైనది దొర్లింది. అదురుకి ఫోను జారి నీళ్ళలో పడి ఆరిపోయింది.

"ఎవరండీ! తియ్యండి బాబూ! లోపల మనిషున్నాడు!"

అడుగులు పరుగెత్తి దూరమైపోయాయి.

వీపుతో నెట్టాడు, భుజంతో నెట్టాడు. మూత కదల్లేదు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. గొంతు పోయేదాకా అరిచి, ఆ వయసులో చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కాసూ వద్దు, ఏమీ వద్దు, పాప మొహం చూస్తే చాలనుకున్నాడు.

అప్పుడు... నీళ్ళలో ఆయన మణికట్టును ఎవరో పట్టుకున్నారు.

చల్లటి వేళ్ళు. బిగిసిన పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పాయి. గుండ్రటిదేదో అరచేతిలో పెట్టి, మళ్ళీ ఒక్కొక్క వేలే మూశాయి.

సత్తిబాబు ఆ పిడికిలిని గుండెకు అదుముకున్నాడు.

తెల్లారాక మూత తెరుచుకుంది. ఎదురు గోదాము వాచ్‌మన్ గౌస్, వెనకాల ఇద్దరు కూలీలు.

"అరే... మనిషే! నువ్వా సాబ్ రాత్రి ఉన్నది?" గౌస్ తల పట్టుకున్నాడు. "ప్లేట్లు కుళ్ళిపోయినయ్, కాంటా మీదికెల్లి దిగుమని ఒర్లిన. పగలు డ్రైవర్లకు రోజూ గట్లనే అంటం. గుంతల దిగుమన్లే! జెర సేపైనంక చూస్తే గుంతల లైటు, గొణుగుడు... ఇగ నా పానం పోయింది. మూత తన్ని, దిమ్మె దొర్లిచ్చి ఉరికిన."

సత్తిబాబుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయితే చిన్నరాములూ లేడు, దెయ్యమూ లేదు! ఆ వేళ్ళు కూడా తన భయమే. బురదలో తడుముతుంటే కాసు తనకే దొరికి ఉంటుంది. అలాగే అనుకున్నాడు. పిడికిలి మాత్రం విప్పలేదు.

గౌస్ బండి మీద ఇంటికి చేరేసరికి ఏడుకు అయిదు నిమిషాలుంది. పీటల మీద కూతురు ఇంద్రజ, ఒళ్ళో పాప. వెంకటరమణమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. సత్తిబాబు పళ్ళెంలో పిడికిలి విప్పాడు. కోడిపుంజు తళుక్కుమంది.

ముసలావిడ దాన్ని తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది. మొహం పాలిపోయింది.

"ఇదెక్కడిదిరా?"

"నువ్విచ్చిందే కదమ్మా."

"నేనిచ్చింది మీ నాన్న ఫ్యాక్టరీ క్యాంటీన్ టోకెను బిళ్ళరా! ఆ రోడ్డు మీద, అర్ధరాత్రి, అసలుది నీ చేతికిస్తానా?"

బొడ్లో ముడి విప్పి, ఇంకో పుంజు కాసు తీసి పళ్ళెంలో పెట్టింది.

"అమ్మా, ముహూర్తం దాటుతోంది!" పంతులు తొందరపెట్టాడు.

ఆవిడ రెండు కాసులూ తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది, అంచులు తడిమింది, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. మళ్ళీ తీసింది.

"సత్తీ..." గొంతు తగ్గించి అడిగింది. "ఇందులో మనది ఏదిరా?"

సత్తిబాబు రెండు కాసులనూ మార్చి మార్చి చూశాడు. ఏ ఇంటి కాసు తాకితే పాప ఆ ఇంటి బిడ్డ.

తేనె వాసనకు పాప నోరు తెరిచింది.